“అల్లల్ల” అంటే ఏమిటి? పిల్లలకు రహస్య లిపి నేర్పడంపై సలహాలు కావాలి

లెక్కల టీచర్ | శనివారం, సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. శనివారం ఆఖరి రెండు పీరియడ్లు ఎనిమిదో తరగతికి పైతాన్ (ప్రోగ్రాములు రాసే భాష) నేర్పుతున్నాను. పిల్లలు ఇరవై ఇద్దరు, పనిచేసే కంప్యూటర్లు ఆరు. మొదటి నెలంతా ఎక్కాలు, సరి సంఖ్యలు, ప్రధాన సంఖ్యల ప్రోగ్రాములు రాయించాను. రాశారు గానీ, గంట కొట్టగానే సంచులు సర్దుకుని వెళ్లిపోయేవారు.

పోయిన నెలలో ఇద్దరు ఆడపిల్లలు ‘క’ భాషలో మాట్లాడుకుంటుంటే విన్నాను. “కరేకపు కరాకవు కకకదా” అంటోంది ఒకమ్మాయి. నేను “వస్తుందిలే” అని జవాబు చెప్పేసరికి ఇద్దరూ నోళ్లు తెరిచారు. సార్‌కు కూడా ఈ భాష వచ్చని వాళ్లు అనుకోలేదు. ఆ రోజు పాఠం పక్కనపెట్టి, ‘క’ భాష మాట్లాడే ప్రోగ్రాము రాయమన్నాను. ఆ శనివారం గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ప్రతి అక్షరం ముందు ‘క’ చేర్చమని రాస్తే “రేపు” కాస్తా “కరకేకపకు” అయింది. కావలసింది “కరేకపు”. పిల్లలు అడిగితే నాకు తెలిసినంత చెప్పాను కానీ తృప్తిగా లేదు. ఇక్కడి నుంచి సీజర్ లిపికీ (ప్రతి అక్షరాన్నీ వరుసలో కొన్ని అడుగులు ముందుకు జరిపి రాసే రహస్య లిపి), ఆ తర్వాత పాస్‌వర్డుల భద్రతకూ తీసుకువెళ్లాలని ఆశ. ఇంగ్లీషు అక్షరాలతోనే చెప్పేయమని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. నాకు తెలుగులో చెప్పాలని ఉంది. ఈ దారిలో నడిచినవారు ఉంటే చెప్పగలరు.

---

యూనికోడ్ మిత్రుడు | శనివారం, రాత్రి 8:15

మాస్టారూ, ఆ “కరకేకపకు” ఒక్కటి చాలు, రెండు వారాల పాఠం అందులోనే ఉంది. పిల్లలకు ‘రే’ ఒక అక్షరం, కంప్యూటర్‌కు రెండు. కంప్యూటర్ వాడే యూనికోడ్ పట్టికలో ప్రతి అక్షరానికీ, గుర్తుకూ ఒక సంఖ్య ఉంటుంది: ‘ర’ సంఖ్య 3120, ఏత్వం సంఖ్య 3143. ప్రోగ్రాము ఆ రెంటి మధ్యా ‘క’ను దూర్చింది. దిక్కులేని ఏత్వం వెళ్లి ఆ ‘క’ను పట్టుకుని ‘కే’ అయింది.

కాబట్టి ముందు మాటను అక్షరాలుగా విడగొట్టే చిన్న ప్రమేయం (ఫంక్షన్) రాయించండి. గుణింతపు గుర్తులన్నీ 3134 నుంచి 3149 లోపు ఉంటాయి. అలాంటి గుర్తు వస్తే ముందున్న అక్షరానికి అంటించాలి. సున్నా 3074, అది కూడా అంతే. 3149 పొల్లు. పొల్లు తర్వాత హల్లు వస్తే అది ఒత్తు, దాన్నీ ముందుదానికే కలపాలి. ఇది రాయగలిగిన పిల్లవాడికి గుణింతం గురించి వేరే చెప్పక్కరలేదు.

సీజర్ లిపికి వెళ్లినప్పుడు ఇంకో గుంత ఉంది. ‘క’ 3093, మూడు కలిపితే 3096, అంటే ‘ఘ’. బాగానే ఉంది. ‘న’ దగ్గరికి వచ్చి ఒకటి కలపమనండి. ‘ప’ రాదు, ఖాళీ డబ్బా వస్తుంది. ‘న’ 3112, ‘ప’ 3114. మధ్యలో 3113 ఖాళీ. మన భాషల లిపులను చాలావరకు యూనికోడ్‌లో ఒకే వరుసలో సర్దారు. దేవనాగరిలో అక్కడ ఇంకో రకం ‘న’ ఉంది, తెలుగుకు లేదు కనుక చోటు అలాగే వదిలేశారు. అందుకే నేరుగా సంఖ్యలు కలపకుండా, ‘క’ నుంచి ‘హ’ వరకు, ఆ తర్వాత ‘ళ’, ‘ఱ’ చేర్చి 35 హల్లుల జాబితా ముందు రాసుకోమనండి. జాబితాలో జరగాలి, చివరికి చేరితే మళ్లీ ‘క’కు రావాలి. గుణింతం, ఒత్తు, సున్నా కదలకూడదు.

---

లెక్కల టీచర్ | శనివారం, రాత్రి 9:05

అయ్యా, ధన్యవాదాలు. కూర్చుని కాగితం మీద వేసి చూశాను. మూడు అడుగులు జరిపితే “మామిడి” “లాలితి” అయింది. ఎంత ముద్దుగా ఉందో. వచ్చే శనివారం దాకా ఆగలేను.

---

ఇద్దరు పిల్లల తల్లి | ఆదివారం, ఉదయం 7:30

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. లిపి రాయడం వరకు సరే. విప్పడం కూడా నేర్పుతారా? నాకది భయం. మా పెద్దవాడికి పదమూడేళ్లు. పోయిన వేసవిలో నా ఫోను తాళం తీశాడు. ప్రోగ్రామేమీ రాయలేదు, నేను నొక్కుతుంటే నా భుజం వెనక నుంచి చూశాడు. మూడు రోజులు నా సందేశాలన్నీ చదివాడట. మా ఆడపడుచుతో నడిచిన ఒక గొడవ అందులో ఉంది. వాడు అది చదివి మనసు పాడుచేసుకున్నాడు, నాకు చెప్పలేక తిండి మానేశాడు. ఇలాంటి పిల్లలకు తాళాలు ఎలా తీయాలో నేర్పితే ఏమవుతుంది?

---

భద్రతా ఇంజనీరు, హైదరాబాద్ | ఆదివారం, ఉదయం 10:20

అమ్మా, మీ భయం సబబైనదే. పద్నాలుగేళ్లుగా నా ఉద్యోగం ఇదే కనుక నా అభిప్రాయం చెబుతాను. విప్పడం నేర్పకుండా భద్రత నేర్పలేము. తన లిపిని పక్కవాడు అయిదు నిమిషాల్లో విప్పేసినప్పుడు గానీ, ఏది గట్టిదో ఏది డొల్లో పిల్లవాడికి తెలియదు. అది తెలియని పిల్లవాడు పెద్దయ్యాక “నా పాస్‌వర్డు ఎవరు కనుక్కుంటారులే” అంటాడు. అలా అన్న పెద్దవాళ్లను రోజూ చూస్తున్నాను.

అయితే మొదటి రోజే ఒక నియమం గోడ మీద రాయించండి: నా తాళం, లేదా నాకు తీయమని ఇచ్చిన తాళం. మూడోది లేదు. అనుమతి లేకుండా ఒకరి కంప్యూటర్‌లోకి, ఫోనులోకి చొరబడటం మన దేశంలో చట్టవిరుద్ధం. దురుద్దేశంతోనో మోసంతోనో చేస్తే 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. పిల్లలకు ఇది బెదిరింపుగా కాకుండా, మోటారు సైకిలు నేర్పేటప్పుడు ఎర్ర దీపం గురించి చెప్పినట్టు చెప్పాలి.

మీ అబ్బాయి విషయంలో ఇంకో మాట. వాడు తాళం తీశాడన్నది చిన్న సంగతి. చదివినదాన్ని మోయలేకపోయాడన్నది పెద్ద సంగతి. “రహస్యం ఎందుకు ఉంచుతాం, ఎవరిని కాపాడటానికి” అన్న మాట వాడితో మాట్లాడటానికి మీకు ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

---

తెలుగు పండితుడు | ఆదివారం, మధ్యాహ్నం 12:10

లెక్కల మాస్టారు తెలుగులో మొదలుపెట్టాలనుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. సీజర్ కంటే ముందు చెప్పదగిన కథలు మన దగ్గర ఉన్నాయి.

పాండవులు వారణావతానికి బయలుదేరేటప్పుడు అందరూ చూస్తుండగానే విదురుడు ధర్మరాజుకు లక్క ఇంటి ప్రమాదాన్ని గూఢంగా చెబుతాడు. చుట్టూ ఉన్నవారికి మాటలు వినపడతాయి, అర్థం కాదు. కుంతి కూడా తర్వాత అడిగి తెలుసుకుంటుంది. రహస్య లిపి పని అదే కదా, శత్రువు మధ్య నిలబడి మిత్రుడితో మాట్లాడటం. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో మ్లేచ్ఛిత వికల్పం ఒకటి, అంటే గూఢంగా రాయడం, చదవడం.

రెండోది సుందరకాండ. అశోకవనంలో సీతమ్మకు వచ్చిన సందేహం ఇప్పుడు మనందరికీ వస్తున్నదే: వచ్చినవాడు నిజంగా రాముడి దూతేనా, మారువేషంలో రావణుడా? హనుమంతుడు ఉంగరం చూపించాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఆమె చూడామణి ఇచ్చింది, దానితోపాటు కాకి కథ కూడా చెప్పి పంపింది. అది రాముడికీ ఆమెకూ మాత్రమే తెలిసిన సంగతి. ఒక వస్తువు, ఒక రహస్యం. బ్యాంకు ఇప్పుడు కార్డు, పిన్ అడిగేది ఈ రెంటినే.

ఒక జాగ్రత్త కూడా చెబుతాను. కటపయాది పద్ధతిని (అంకెలను అక్షరాలతో సూచించే పాత పద్ధతి) రహస్య లిపి అని చెప్పకండి. ‘మేచకల్యాణి’ రాగం పేరులో మే అంటే 5, చ అంటే 6. కుడి నుంచి ఎడమకు చదివితే 65, అదే కర్ణాటక సంగీతంలో ఆ రాగం మేళకర్త (వరుస) సంఖ్య. ‘మాయామాళవగౌళ’ 15, ‘ధీరశంకరాభరణం’ 29. ఇది గుర్తుపెట్టుకోవడానికి చేసిన ఏర్పాటు, దాచడానికి కాదు. నియమం తెలిసిన ఎవరైనా చదువుకోవచ్చు.

---

భద్రతా ఇంజనీరు, హైదరాబాద్ | ఆదివారం, మధ్యాహ్నం 1:00

పండితులు గారికి నమస్కారం. మీ చివరి పేరా మా వృత్తిలో కొత్తగా చేరినవారికి కూడా చెప్పాలి. రూపం మార్చడం వేరు, రహస్యం చేయడం వేరు. ‘బేస్64’లో (సమాచారాన్ని వేరే అక్షరాల్లోకి మార్చి రాసే బహిరంగ పద్ధతి) రాసి ‘దాచేశాం’ అనుకునేవారు ఉన్నారు. దానికి తాళమే లేదు.

‘క’ భాషకు కూడా అదే లోపం. మాస్టారికి నియమం తెలుసు, కథ ముగిసింది. లిపి ఎలా పనిచేస్తుందో శత్రువుకు తెలిసినా, తాళంచెవి తెలియనంతవరకు రహస్యం నిలబడాలి. 1883లో రహస్య లిపుల నిపుణుడు కెర్క్‌హాఫ్స్ చెప్పిన సూత్రం ఇది. నేటి బ్యాంకు లావాదేవీలను కాపాడే ఏఈఎస్ పద్ధతి 2001 నుంచి ప్రపంచమంతా చదవగలిగేలా బహిరంగంగానే ఉంది.

---

డల్లాస్ నాన్న | ఆదివారం, సాయంత్రం 6:30

మా ఊళ్లో ఆదివారం తెలుగు బడిలో పిల్లలకు పాఠాలు చెబుతాను. ఇక్కడ పుట్టిన పిల్లలు, ఇంట్లో తెలుగు వింటారు, చదవరు. వర్ణమాల వరుస ఎన్నిసార్లు వల్లె వేయించినా ‘ఙ’, ‘ఞ’ దగ్గర తడబడతారు. మీ 35 హల్లుల జాబితా చూసి ఈ ఉదయమే ప్రయత్నించాను. మా అమ్మాయి తన స్నేహితురాలికి పంపిన చీటీని విప్పడానికి ‘ట’ నుంచి వెనక్కి రెండడుగులు లెక్కపెట్టాల్సి వచ్చింది. ‘ట’ ముందు ‘ఞ’, దాని ముందు ‘ఝ’ అని తనంతట తానే వేళ్ల మీద చెప్పుకుంది. నాలుగేళ్లలో నేను సాధించలేనిది ఆ చీటీ సాధించింది.

ఒక చిన్న కానుక. యూనికోడ్ మిత్రుడు చెప్పిన ఒకే వరుస కారణంగా, దాదాపు ప్రతి తెలుగు అక్షరం సంఖ్య నుంచి 768 తీసేస్తే అదే ఉచ్చారణ ఉన్న హిందీ అక్షరం వస్తుంది. 3093 నుంచి తీసేయండి, 2325. హిందీ ‘క’ వచ్చింది. హిందీ చదవలేని పిల్లలకు అది పూర్తి రహస్య లిపి, చదవగలిగినవారికి తెరిచిన పుస్తకం. రూపం మార్చడానికీ దాచడానికీ తేడా ఇంతకంటే కళ్లకు కట్టదు.

---

లెక్కల టీచర్ | మరుసటి శనివారం, రాత్రి 8:50

ఈ రోజు జరిగినదంతా రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

మొదట అందరూ మూడడుగుల లిపిలో ఇంట్లో ఒకరి పేరో వరసో రాశారు. ఒక పిల్లవాడు గర్వంగా బోర్డు మీద “అల్లల్ల” అని రాశాడు. తరగతి మొత్తం ఒక్క గొంతుతో “అమ్మమ్మ!” అని అరిచింది. వాడి ముఖం చిన్నబోయింది. ఎలా కనుక్కున్నారని అడిగాను. “అ మారలేదు సార్, తర్వాత ఒత్తు, మళ్లీ ఒత్తు, ఇంకేముంటుంది?” అన్నారు. అచ్చులు, గుణింతం అలాగే ఉంచితే మాట ఎముకలు బయటికి కనిపిస్తాయని వాళ్లే చెప్పారు.

తర్వాత నేను ఒకటి ఇచ్చాను. ఎన్ని అడుగులో చెప్పలేదు.

సేయు లదిచి ఖెహళు

రెండు జట్లు. మూడు కంప్యూటర్ల జట్టు 34 తాళాలనూ (ఒక అడుగు నుంచి 34 అడుగుల దాకా) వరుసగా వేసి చూసే ప్రోగ్రాము రాయాలి. రెండో జట్టుకు కాగితం, పెన్సిలు. కాగితం జట్టులో ఒకమ్మాయి “చివర ‘ళు’ ఉంది, బహువచనం ‘లు’ అయ్యుంటుంది” అంది. ‘ల’ నుంచి ‘ళ’కు ఆరడుగులు. ఆరు వెనక్కి వేస్తే “యేను ఫఠిఱి” అని వచ్చింది. ఆ పిల్ల కొట్టేసి, మళ్లీ చూసింది. “రెండో మాట చివర ఇత్వం. ‘కి’ అయితే? బడికి, గుడికి, ఊరికి...” ‘క’ నుంచి ‘చ’కు అయిదడుగులు. పెన్సిలు గబగబా కదిలింది. లేచి నిలబడి “రేపు బడికి సెలవు” అని చదివింది. కంప్యూటర్ జట్టు అప్పటికి ఇంకా ఒక బ్రాకెట్ వెతుక్కుంటోంది.

విభక్తులతో లిపిని విప్పొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు, ఆ పిల్ల చెప్పింది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ కిందీ అనే పండితుడు అక్షరాలు ఎన్నిసార్లు వస్తున్నాయో లెక్కపెట్టి లిపులు విప్పే పద్ధతి రాసిపెట్టాడని వాళ్లకు చెప్పాను. వచ్చే వారం తెలుగు వాచకంలో ఒక పేజీ తీసుకుని ఏ హల్లు ఎన్నిసార్లు వచ్చిందో ప్రోగ్రాముతో లెక్క తేలుస్తామన్నారు.

ఇప్పుడు నా తప్పు. చివరి అరగంటలో పాస్‌వర్డుల గురించి మొదలుపెట్టి, “నాలుగంకెల పిన్ ఉదాహరణలు కొన్ని బోర్డు మీద రాయండి” అన్నాను. అయిదారుగురు వచ్చి రాశారు. నాలుగోవాడు రాసి వెనక్కి తిరిగి, “ఇది మా నాన్న ఫోన్‌పే పిన్ సార్” అన్నాడు. గుండె జారింది. వెంటనే తుడిచేశాను. ముందు రాసినవాళ్లను అడిగితే ఇంకో ఇద్దరివి కూడా ఇంట్లో వాడేవే. ఇరవై రెండు జతల కళ్లు అప్పటికే చూశాయి. ముగ్గురి ఇళ్లకూ సాయంత్రం నేనే వెళ్లి, జరిగింది చెప్పి, నా ఎదుటే పిన్ మార్పించి వచ్చాను. ఒక తండ్రి నవ్వేశాడు, ఒక తల్లికి కోపం వచ్చింది. ఆమె కోపం న్యాయమైనది. “ఉదాహరణ” అన్నప్పుడు పిల్లలకు గుర్తొచ్చేది నిజమైనదే. ఈ పాఠం చెప్పబోయే ఎవరైనా దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

---

ఇద్దరు పిల్లల తల్లి | మరుసటి శనివారం, రాత్రి 9:40

మాస్టారూ, ఇంటింటికీ వెళ్లారు చూడండి, పిల్లలకు అది మీ పాఠాలన్నిటికంటే ఎక్కువ గుర్తుంటుంది. మా అబ్బాయితో మాట్లాడాను. వాడూ నేనూ కలిసి నా ఫోను పిన్ మార్చాం. వాడు అటు తిరిగి నిలబడ్డాడు, నేను చెప్పకుండానే.

---

బీటెక్ మూడో సంవత్సరం | మరుసటి శనివారం, రాత్రి 10:15

సార్, పిన్ పాఠానికి బోర్డు మీద ఏమీ రాయనక్కరలేని పద్ధతి ఒకటి చెబుతాను. మా చెల్లెలితో చేశాను. ప్రోగ్రామే నాలుగంకెల సంఖ్య ఒకటి యాదృచ్ఛికంగా ఎంచుకుని దాచుకుంటుంది. రెండో ప్రోగ్రాము 0000 నుంచి 9999 దాకా వేసి చూస్తుంది. పదివేలు అన్న మాట చెల్లికి చాలా పెద్దదిగా అనిపించింది. ఎంటర్ నొక్కింది, చెయ్యి తీసేలోపు జవాబు వచ్చింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే అడిగింది: “మరి ఏటీఎంలో ఎందుకు కుదరదు?” మూడు సార్లు తప్పితే ఆపేసే షరతు తన ప్రోగ్రాములో పెట్టించాను. తాళం అదే, కాపలా మారింది.

ఆ తర్వాత లెక్క: రోజు, నెల కలిపి పుట్టినరోజు పెట్టుకుంటే పదివేలలో 366 మాత్రమే మిగులుతాయి. 1950 నుంచి 2015 దాకా ఏదో ఒక సంవత్సరం పెట్టుకుంటే 66. ఆ రాత్రే మా ఇంట్లో ముగ్గురు పిన్ మార్చుకున్నారు.

---

భద్రతా ఇంజనీరు, హైదరాబాద్ | ఆదివారం, ఉదయం 9:00

చాలా బాగుంది. అయితే చెల్లెలితో యాదృచ్ఛిక సంఖ్య గురించి ఒక మాట చెప్పండి. పైతాన్‌లో అలాంటి సంఖ్యలు ఇచ్చే రెండు సాధనాల్లో ‘రాండమ్’ ఆటలకు, ‘సీక్రెట్స్’ రహస్యాలకు. మొదటిదాని లోపలి స్థితి తెలిస్తే తర్వాత రాబోయే సంఖ్యలన్నీ లెక్కకట్టవచ్చు.

మాస్టారూ, మీ పిల్లలు సిద్ధంగా ఉన్నారు కనుక అసలైన అద్భుతం చూపించండి. ఇప్పటిదాకా ఇద్దరికీ తాళం ముందే తెలియాలి. ఎదురెదురుగా అరుస్తూ, అందరూ వింటుండగా, ఇద్దరు కొత్త తాళం తయారుచేసుకోగలరా? 1976లో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చేసి చూపించారు. తరగతి ఈ చివర ఒకరిని, ఆ చివర ఒకరిని నిలబెట్టండి. 23, 5 అన్న సంఖ్యలు బోర్డు మీద అందరికీ. మొదటి పిల్ల మనసులో 6 అనుకుని, 5ను ఆరుసార్లు గుణించి 23తో భాగించి, శేషం 8 అని అరుస్తుంది. రెండో పిల్ల మనసులో 15, అరిచేది 19. మొదటి పిల్ల 19తో అదే పని ఆరుసార్లు, రెండో పిల్ల 8తో పదిహేనుసార్లు. ఇద్దరికీ వచ్చేది 2. మధ్యలో కూర్చున్న ఇరవై మందీ 23, 5, 8, 19 విన్నారు, 2 ఎవరి చెవినా పడలేదు. ఇంత చిన్న సంఖ్యలైతే మీ కంప్యూటర్ జట్టు చిటికెలో విప్పేస్తుంది, విప్పనివ్వండి. తర్వాత 23 బదులు వందల అంకెలున్న ప్రధాన సంఖ్య అయితే ఏమవుతుందో వాళ్లనే అడగండి. మొదటి నెల మీరు రాయించిన ప్రధాన సంఖ్యల ప్రోగ్రాము ఎందుకో అప్పుడు తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: తాము రాసిన లిపిని నిజమైన రహస్యానికి వాడకూడదు. మా రంగంలో ఆరితేరినవాళ్లు కూడా సొంత లిపిని నమ్ముకోరు.

---

లెక్కల టీచర్ | మూడో శనివారం, రాత్రి 8:20

23, 5 ఆట ఆడించాను. మధ్యలో కూర్చున్నవాళ్లు పదిహేను నిమిషాలు కాగితం మీద కుస్తీ పట్టారు. 2 చెప్పగానే “ఎవరో సైగ చేశారు సార్” అని గొడవ. వేరే అంకెలతో మళ్లీ ఆడించేదాకా ఒప్పుకోలేదు.

“అమ్మమ్మ” పిల్లవాడు ఊరుకోలేదు. ప్రతి హల్లునూ ఒకే దూరం జరపకుండా, మూడంకెల తాళం పెట్టాడు. మొదటి హల్లుకు మొదటి అంకె, రెండోదానికి రెండోది, మూడోదానికి మూడోది, మళ్లీ మొదటికి. ఒత్తు కూడా లెక్కలోకి వస్తుంది. 34 తాళాలు వేసే ప్రోగ్రాము ఇప్పుడు పనిచేయదని వాడికి తెలుసు. అచ్చులు ఇంకా కనిపిస్తున్నాయని కూడా తెలుసు, దాని మీద పని చేస్తున్నాడు. ఈ లోపు ఇక్కడి పెద్దవాళ్లకు ఇవ్వమని ఒక చీటీ రాసి నా జేబులో పెట్టాడు. వాడి అనుమతితో పెడుతున్నాను:

ధాఱం ఞెసి ఘూణ్షో ఉంధి

---

తెలుగు పండితుడు | మూడో శనివారం, రాత్రి 8:55

చివరి మాట “ఉంది” అయ్యుండాలి. ‘ద’ నుంచి ‘ధ’కు ఒకే అడుగు. అయితే అది ఎనిమిదో హల్లు కనుక, వాడి తాళంలో రెండో అంకె 1. మిగతా రెండూ ఎవరూ చెప్పకండి, రేపు ఉదయం కాఫీ తాగుతూ నేనే చూసుకుంటాను.